మందు కల్లు మానితే ఫిట్స్ ఎందుకు?

కల్లు తాగితే మనిషి తూలాలి, మానేస్తే తేరుకోవాలి. పాలమూరు పల్లెల్లో చాలా ఇళ్లు చూసింది మాత్రం దీనికి తలకిందులు. ఏళ్ల తరబడి రోజూ సీసాలు తాగిన మనిషికి రెండు రోజులు కల్లు అందకపోతే చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమటలు, కంటిమీద కునుకుండదు. ఆ మర్నాటికి లేని మనుషులు కనిపిస్తారు. గోడల మీద పురుగులు పాకుతున్నట్టు తోస్తుంది, మాటలకు పొంతన ఉండదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు, ఎవరో ఏదో చేశారంటారు, లేదా తాగడానికి నాటకాలాడుతున్నాడని కోప్పడతారు. అసలు సంగతి ఆ మనిషి నాడీకణాల ఒంటి మీద ఉంది. అక్కడ ఉండాల్సిన కొన్ని ప్రోటీన్లు తగ్గిపోయాయి, వేరే కొన్ని పెరిగాయి. ఆ లెక్క మళ్లీ సరిపడేదాకా మెదడుకు నెమ్మది లేదు.

ఇది ఒకరిద్దరి కథ అయితే ఇంత వివరంగా రాయనక్కర్లేదు. 2015 సెప్టెంబరులో ఎక్సైజ్ అధికారులు కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరం చేశారు. కొన్నిచోట్ల దుకాణాలు మూతపడ్డాయి, కొన్నిచోట్ల కల్లు ఉన్నా అందులో మత్తుమందు లేదు. రోజుల వ్యవధిలోనే మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల ఆస్పత్రులకు ఇలాంటి రోగులు బారులు తీరారు. చాలామందిని హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి తీసుకువెళ్లారు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో దుకాణాలన్నీ ఒక్కసారిగా మూతపడినప్పుడు మళ్లీ అదే జరిగింది. దాడులు చేయడం తప్పని నేననను. కానీ మందు ఆపితే ఏం జరుగుతుందో ముందే తెలిసినప్పుడు, ఆస్పత్రిలో మంచాలు, మందులు, డాక్టర్లు సిద్ధమయ్యాకే దుకాణానికి తాళం పడాలి.

కల్లులో అంత మత్తు ఎక్కడిది?

చెట్టు కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాలే. తాటి, ఈత చెట్ల నుంచి లొట్టిలోకి కారే తియ్యటి నీరు గాలిలోని ఈస్టు తగిలి కారిన క్షణం నుంచే పులియడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున దించింది పొద్దుగూకేసరికి పుల్లబడుతుంది. నిల్వ ఉండదు, దూరం పోదు. నల్లగొండలో, పాలమూరులో ఎన్ని తాటి చెట్లున్నా, ఎన్ని ఈత వనాలున్నా అవి ఇచ్చేది ఇంతే అని ఒక హద్దు ఉంది. దుకాణాల గిరాకీకి ఆ హద్దు లేదు. మధ్యనున్న తేడాను నీళ్లు, శాక్రిన్, మత్తుపొడి పూడుస్తాయి. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం అనే మూడు పేర్లే కేసుల్లో మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. జనం దీన్ని మందు కల్లు అంటారు. మోకు, ముస్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుడు వేరు, ఈ పొడిని కిలోల్లెక్కన తెప్పించే వ్యాపారి వేరు. ఇద్దరినీ ఒక్క గాటన కట్టడం అన్యాయం.

ఆ పొడి ఎంత ఘాటైనదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆందోళన తగ్గడానికి డాక్టరు రాసే అల్ప్రాజోలం చిన్న మాత్రలో ఉండే మందు 0.25 మిల్లీగ్రాములు. అంటే ఒక్క గ్రాము పొడి 4000 మాత్రలకు సమానం. చిటికెడు పొడి డ్రమ్ములో కలిపి కర్రతో తిప్పితే ఏ సీసాలోకి ఎంత పోయిందో కలిపినవాడికే తెలియదు. తాగేవాడు కల్లు తాగుతున్నాననుకుంటాడు, నిజానికి డాక్టరు చీటీ లేకుండా, మోతాదు తెలియకుండా, ప్రతి సాయంత్రం నిద్రమాత్రలు మింగుతున్నాడు. అల్ప్రాజోలం మత్తుమందుల నిరోధక చట్టం కింద అదుపులో ఉన్న మందు. అది డ్రమ్ములోకి చేరడమే నేరం.

అది మెదడులో ఏం చేస్తుంది?

మన మెదడులో సుమారు 8600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక కణం మరో కణానికి కబురు పంపేటప్పుడు వాటి మధ్యనున్న సన్నటి సందులోకి రసాయనాన్ని వదులుతుంది. ఆ సందున్న కూడలిని సినాప్స్ అంటారు. గ్లుటమేట్ అనే రసాయనం అవతలి కణాన్ని ఉరకలెత్తిస్తుంది. గాబా అనేది నెమ్మదింపజేస్తుంది. ఈ రెండింటి సమతూకం మీదే మన నిద్ర, మెలకువ, ధైర్యం, భయం, చేతి నిలకడ అన్నీ ఆధారపడ్డాయి.

గాబాను అందుకునే ప్రోటీన్ పేరు గాబా రిసెప్టర్. వీటిలో రెండు రకాలున్నా మన కథలో ఉన్నది గాబా-ఏ అనే రకం. అయిదు ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా చేరి నడుమ ఒక రంధ్రాన్ని వదులుతాయి. ఎక్కువ చోట్ల ఈ అయిదూ రెండు ఆల్ఫా, రెండు బీటా, ఒక గామా. గాబా వచ్చి ఆల్ఫా బీటాల నడుమ అతుక్కుంటే రంధ్రం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి పోతాయి, కణం చల్లబడుతుంది. అల్ప్రాజోలం, డైజిపామ్ వేరే చోట, ఆల్ఫాకూ గామాకూ మధ్యనున్న మడతలో కూర్చుంటాయి. వాటంతట అవి రంధ్రాన్ని తెరవలేవు. గాబా వచ్చినప్పుడు అది మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. క్లోరల్ హైడ్రేట్ కాలేయంలో ట్రైక్లోరోఇథనాల్‌గా మారి ఇదే రిసెప్టర్‌ను మరో దారిలో ఎగదోస్తుంది. ఆల్కహాల్ ప్రభావంలో కూడా కొంత ఇక్కడిదే. మందు కల్లు సీసా ఒకటి కడుపులో పడిందంటే ఒకే ప్రోటీన్ మీద రెండు మూడు వైపుల నుంచి ఒత్తిడి. పగలంతా రాళ్లు మోసిన ఒంటికి ఆ రాత్రి నిద్ర పడుతుంది. అలవాటుకు అదే మొదటి మెట్టు.

మరి కణం ఊరుకుంటుందా?

ఊరుకోదు. నాడీకణానికి తన సగటు వేగం ఎంతుండాలో ఒక లెక్క ఉంది. నిమిషనిమిషానికీ హెచ్చుతగ్గులున్నా, గంటలు, రోజుల మీద చూస్తే ఆ సగటుకు దగ్గర్లోనే ఉండాలని చూస్తుంది. చెరువు కింద నీరటికాడు ఆయకట్టు తడి చూసి తూము ఎత్తుతాడు, దించుతాడు. నాడీకణానికి తూమూ తనదే, నీరటికాడూ తనే. బయటి నుంచి వచ్చే రసాయనాన్ని అది ఆపలేదు. దాన్ని అందుకునే రిసెప్టర్లు తన ఒంటి మీద ఎన్ని ఉండాలన్నది మాత్రం దాని చేతిలోనే ఉంది.

అమెరికాలో జీనా టురిజియానో బృందం 1998లో దీన్ని స్పష్టంగా చూపింది. పాత్రలో పెంచిన ఎలుక నాడీకణాల సందడిని మందుతో రెండు రోజులు పూర్తిగా ఆపేస్తే, అవి గ్లుటమేట్‌కు మునుపటికంటే గట్టిగా స్పందించాయి. గాబాను అడ్డుకుని సందడి పెంచితే ఆ స్పందన తగ్గింది. నిశ్శబ్దం ఎక్కువైతే చెవి రిక్కించడం, గోల ఎక్కువైతే తగ్గించుకోవడం.

ఇంత చిన్న ప్రోటీన్లను లెక్కపెట్టడం ఎలా సాధ్యమైందనే సందేహం రావాలి. దాని జవాబు పాము కోరల్లో దొరికింది. మన చేలగట్ల మీద తిరిగే కట్లపాముకు తైవాన్‌లో ఒక దాయాది ఉంది. 1963లో చాంగ్, లీ అనే శాస్త్రవేత్తలు దాని విషం నుంచి బంగారోటాక్సిన్‌ను వేరుచేశారు. కండరం మీద ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లను పట్టుకుంటే అది వదలదు. కట్లపాము కరిచినవాడికి రెప్పలు వాలిపోయి ఊపిరాడకపోవడంలో ఇలాంటి విషాలకూ భాగముంది. ఆ విషానికి రేడియోధార్మిక అయొడిన్ అతికించి ఎంత అంటుకుందో కొలిస్తే రిసెప్టర్ల లెక్క తేలుతుంది. నరం వచ్చి కండరాన్ని కలిసేచోట ఒక చదరపు మైక్రోమీటరుకు సుమారు 10,000 ఉంటాయి. ఆ పక్కన కండరం మీద దాదాపు ఉండవు. నరాన్ని తెంచేస్తే కొద్ది రోజుల్లో కండరం పొడవునా కొత్త రిసెప్టర్లు పుట్టుకొస్తాయి. నరం తెగిన కండరం ఎసిటైల్‌కోలిన్‌కు ఒళ్లంతా స్పందిస్తుందని 1959లోనే ఆక్సెల్సన్, థెస్లెఫ్ గమనించారు. ఎందుకో తర్వాత ఈ లెక్క చెప్పింది. కబురు ఆగిపోతే కణం వినే చోట్లు పెంచుకుంటుంది. కబురు మితిమీరితే తగ్గించుకుంటుంది.

ఎలా తగ్గించుకుంటుంది?

ఇక్కడ ఒక గాబా రిసెప్టర్ వెంట నడుద్దాం. కణం లోపల అయిదు ముక్కలూ విడివిడిగా తయారై, ఒకచోట జతకూడతాయి. సరిగా జతకూడనివి అక్కడే విరిగిపోతాయి. సరిగా కూడినది చిన్న బుడగలో కూర్చుని కణం పైపొర దాకా వస్తుంది. ఆ పొర కొవ్వుతో చేసింది, మెత్తగా పారుతూ ఉంటుంది. రిసెప్టర్ దాని మీద జారుతూ తిరుగుతూ సినాప్స్ దగ్గరికి చేరినప్పుడు, కింద నుంచి జెఫైరిన్ అనే ప్రోటీన్ పట్టి నిలుపుతుంది. అలా ఒక్కో సినాప్స్ దగ్గర కొన్ని పదుల నుంచి కొన్ని వందల దాకా గుమిగూడి ఉంటాయి. గాబా వచ్చి పడేది అక్కడే కాబట్టి ఆ గుంపులో ఉన్నవే ఎక్కువ పని చేస్తాయి.

పట్టు ఎప్పటికీ ఉండదు. జెఫైరిన్ వదిలినప్పుడు రిసెప్టర్ మళ్లీ జారి పక్కకు పోతుంది. అక్కడ ఏపీ2 అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుంది, క్లాత్రిన్ చుట్టూ పంజరంలా అల్లుకుంటుంది, పొర లోపలికి గుంటపడి తెగి బుడగ అవుతుంది. పైన ఉండాల్సిన రిసెప్టర్ కణం కడుపులోకి చేరింది. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి మళ్లీ పైకి, రెండోది లైసోజోమ్‌కు, అంటే ముక్కలు చేసే చోటుకు. మామూలు రోజుల్లో లోపలికి వచ్చినవాటిలో ఎక్కువ భాగం గంట తిరగకుండానే పైకి వెళ్తాయి. పైన ఎన్ని ఉన్నాయన్నది ఈ రాకపోకల వేగం మీదే ఆధారపడింది. ఏ క్షణాన చూసినా సంఖ్య నిలకడగా కనిపిస్తుంది, ఉన్న రిసెప్టర్లు మాత్రం మారిపోతూనే ఉంటాయి.

ఈ దారుల్లో ఎటు పోవాలో తేల్చేది చాలాసార్లు ఒక ఫాస్ఫేటు గుంపు. రిసెప్టర్ తోకకు ఒక నిర్దిష్టమైన చోట ఫాస్ఫేటు తగిలించి ఉంటే ఏపీ2 దాన్ని పట్టలేదు, అది పైనే ఉంటుంది. ఫాస్ఫేటు ఊడిందంటే లోపలికి పోయే అవకాశం పెరుగుతుంది. డైజిపామ్ లాంటి మందులు ఎక్కువ కాలం తగిలిన ఎలుక నాడీకణాల్లో కాల్సిన్యూరిన్ అనే ఎంజైము రిసెప్టర్ నుంచి ఫాస్ఫేటు తీసేయడం, జెఫైరిన్ గుంపులు చెదరడం, లోపలికి పోయినవాటిలో లైసోజోమ్ దారి పట్టేవి పెరగడం ప్రయోగశాలల్లో చూశారు. మిగిలినవి కూడా మునుపటిలా పనిచేయవు. గాబా అతుక్కునే చోటుకూ మందు అతుక్కునే చోటుకూ ఉన్న పొత్తు సడలుతుంది. ఆల్కహాల్ అలవాటైన జంతువుల మెదడులో ఇంకో మార్పు కనిపించింది. ఆల్ఫా ముక్కల్లో ఒకటో రకం తగ్గి, నాలుగో రకం పెరుగుతుంది. ఆ నాలుగో రకానికి డైజిపామ్ అతుక్కోదు. అందుకే మొదట ఒక సీసాకు పట్టిన నిద్ర కొన్నాళ్లకు మూడు సీసాలకూ పట్టదు.

ఇదే సమయంలో అవతలి పక్క మరో పని జరుగుతుంది. ఉరకలెత్తించే గ్లుటమేట్ రిసెప్టర్ల బలం పెరుగుతుంది. నెమ్మదింపు తగ్గింది, ఉరుకు పెరిగింది. పైన మందు ఉన్నంతకాలం ఈ రెండు మార్పులూ బయటికి కనిపించవు. మనిషి కూలికి పోతాడు, నవ్వుతాడు, మాట్లాడతాడు. మూడు సీసాలు తాగి నిలకడగా నడిచేవాణ్ని చూసి గట్టివాడని మెచ్చుకుంటారు. ఆ నిలకడను అతని మెదడు ఎంత మార్పుతో కొనుక్కుందో బయటికి తెలియదు. సీసా ఆగిన రోజు తెలుస్తుంది. మందు రక్తంలోంచి ముందే పోతుంది, రిసెప్టర్లు తిరిగి రావడానికి రోజులు, వారాలు పడుతుంది. ఆ మధ్య వ్యవధిలో మెదడును ఆపేవాడు లేడు. వణుకు, చెమట, భ్రమలు, ఫిట్స్ అన్నీ అక్కడివే.

కొందరికి మర్నాడే, కొందరికి వారానికి ఎందుకు?

మందు ఎంతసేపు ఒంట్లో ఉంటుందన్న దాన్ని బట్టి. అల్ప్రాజోలం సగం కరిగిపోవడానికి సుమారు 11 గంటలు. డైజిపామ్‌కు 20 నుంచి 50 గంటలు, దాని నుంచి పుట్టే మరో పదార్థం ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. డైజిపామ్ తనంతట తానే మెల్లగా దిగిపోతుంది కాబట్టి కణానికి సర్దుకునే వ్యవధి కొంత దొరుకుతుంది. అల్ప్రాజోలం ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే విరుచుకుపడుతుంది. డాక్టర్లు చేసే వైద్యం కూడా ఈ తేడా మీదే నిలిచింది. త్వరగా పోయే మందు స్థానంలో నెమ్మదిగా పోయే డైజిపామ్ లాంటిది ఇచ్చి, రోగిని చూస్తూ మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మత్తు మానడానికి వచ్చినవాడికి మళ్లీ మత్తుమందే ఇస్తున్నారేమిటని ఇంట్లోవాళ్లు నిలదీయడం సహజమే. తగ్గింపు వేగం రిసెప్టర్లు తిరిగి పైకి వచ్చే వేగాన్ని దాటకూడదు, అంతే. అందుకే ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పిస్తామనడం చాలా ప్రమాదం. మనసు గట్టి చేసుకుంటే చాలనడం కూడా సరికాదు. మనోనిబ్బరం ఎంత ఉన్నా రిసెప్టర్ రెండు రోజుల్లో తిరిగి రాదు.

ఫిట్స్ మొదలైతే నిమిషాలు ఎందుకు లెక్కపెట్టాలి?

రిసెప్టర్ల రాకపోకలు ఎంత వేగంగా జరుగుతాయో ఇక్కడే తెలుస్తుంది. ఫిట్స్ ఆగకుండా సాగుతున్నప్పుడు గాబా రిసెప్టర్లు నిమిషాల్లోనే సినాప్స్ వదిలి కణం లోపలికి పోవడం మొదలుపెడతాయని జంతువుల మీద ప్రయోగాలు చూపాయి. డాక్టరు ఫిట్స్ ఆపడానికి ఇచ్చే సూది పనిచేసేది ఆ రిసెప్టర్ల మీదే. ఆలస్యమైన కొద్దీ సూదికి పట్టు దొరికే చోట్లు తగ్గుతాయి. అయిదు నిమిషాలు దాటిన ఫిట్స్‌ను అత్యవసరంగా చూడాలని వైద్యులు అనడానికి ఒక కారణం ఇది. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వల్ల పోయేది కాలమే. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటి బట్ట పెట్టి, 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రిలో అడగకముందే రోజూ కల్లు తాగుతాడని, ఎన్ని సీసాలో, ఎప్పుడు ఆపాడో చెప్పాలి. సిగ్గుపడి దాచితే డాక్టరు మెదడువాపు కోసమో, జ్వరం కోసమో వెతుకుతూ ఉంటాడు. ఒకప్పుడు ఇలాంటి రోగితో పాలమూరు నుంచీ నల్లగొండ నుంచీ వంద కిలోమీటర్లు ప్రయాణించి ఎర్రగడ్డ చేరాల్సి వచ్చేది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ముందు అక్కడికి వెళ్లాలి.

మెదడు మళ్లీ మామూలవుతుందా?

చాలామందికి అవుతుంది. ఆ నమ్మకం ఇంట్లోవాళ్లకు ముందే ఇవ్వాలని నా కోరిక. కణం కొత్త రిసెప్టర్లు చేస్తూనే ఉంటుంది, లోపలికి పోయేవి తగ్గుతాయి, జెఫైరిన్ గుంపులు మళ్లీ చేరతాయి. భ్రమలు, ఫిట్స్ ముప్పు సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతాయి. నిద్రలేమి, ఆందోళన, చికాకు వారాలు, ఒక్కోసారి నెలలు వెంటాడతాయి. చాలామంది మళ్లీ దుకాణం మెట్లెక్కేది ఈ రెండో దశలోనే. రాత్రి రెండు గంటలకు కళ్లు తెరుచుకుని పడుకున్న మనిషి దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాల్సింది అప్పుడు. మాట్లాడాలనిపిస్తే 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఏ వేళలోనైనా పలుకుతుంది.

ఇంకొక్క మాట ఇంట్లో అందరికీ తెలియాలి. నెలా రెండు నెలలు మానేసిన మనిషి మెదడులో రిసెప్టర్లు చాలావరకు పాత సంఖ్యకు చేరుకుని ఉండొచ్చు. పెళ్లిలోనో బోనాల్లోనో పాత స్నేహితులతో కూర్చుని, ఒకప్పుడు తట్టుకున్న మూడు సీసాలే తాగితే, ఆ మోతాదు ఇప్పుడు అతనికి కొత్తది. పైగా ఏ సీసాలో ఎంత పొడి ఉందో తెలియదు, పక్కన మద్యం కూడా ఉంటే ఊపిరి మందగిస్తుంది. తాగి పడుకున్నవాడు గురక మారి, పెదాలు నల్లబడి, పిలిచినా గిల్లినా పలకకపోతే మత్తు దిగేదాకా పడుకోనిద్దామని వదిలేయకూడదు. వెంటనే పక్కకు తిప్పి, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ ఆస్పత్రికి తీసుకుపోవాలి.